కుక్కపిల్ల కొరకడానికి ఏ బొమ్మ ఇవ్వాలి?

అనంతపురంలో మా వీధిలోనూ ఇదే గోల: నాలుగు నెలల కుక్కపిల్ల చెప్పులన్నీ కొరికేస్తోంది, ఏ బొమ్మ కొనాలి?

కొనేముందు బొమ్మను బొటనవేలి గోరుతో నొక్కి చూడండి. కొంచెమైనా నొక్కు పడాలి. పడలేదంటే అది పంటికి మరీ గట్టిది. ఈ వయసులో 28 పాలపళ్లు ఊడి, సుమారు ఏడో నెలకల్లా 42 శాశ్వత దంతాలు వస్తాయి. చిగుళ్ల సలపరానికే ఆ కొరుకుడు. పెద్దయ్యాకా అంతే, రాయిలాంటివి కొరికితే పై దవడ పక్కపన్ను చీలుతుంది.

నోట్లో పూర్తిగా పట్టే బంతి వద్దు, గొంతుకు అడ్డం పడుతుంది. కీచుమనే బొమ్మల్లో కూత పెట్టే పీకను కుక్కపిల్లలు ఊడలాగి మింగేస్తాయి, మీరు పక్కనుంటేనే ఇవ్వండి. ముక్కలు ఊడుతుంటే పారేయండి.

"వీధికుక్కలు తినట్లేదా" అంటూ మటన్ కూరలో మిగిలిన బొక్కలు వేస్తారు మావాళ్లు. ఉడికిన ఎముక సూదుల్లా చీలి పేగుల్ని గుచ్చుతుంది.

మన ఎండలకు నేనిచ్చేది వేరే: లోపల బోలుగా ఉన్న రబ్బరు బొమ్మలో పెరుగన్నం (ఉప్పు, తాలింపు లేకుండా) కూరి ఫ్రీజర్లో గడ్డకట్టించి ఇస్తా. కాసేపు ఇంట్లో అలికిడే ఉండదు. పాత చెప్పు మాత్రం ఇవ్వకండి, దానికి పాతదీ కొత్తదీ తేడా తెలియదు.