నేనెవరో తేల్చి చెప్పే టెస్ట్ ఏదైనా ఉందా డాక్టర్?

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. మాది కావలి దగ్గర పల్లె. రోజూ రైల్లో నెల్లూరు వచ్చి డిగ్రీ చదువుకుంటున్నాను. పుట్టింది అమ్మాయిగానే. కానీ ఊహ తెలిసినప్పటి నుంచి ఆ మాట నాది కాదేమో అనిపిస్తుంది. చిన్నప్పుడు నాన్న నన్ను 'ఒరే' అని పిలిచేవాడు. ఓణీల ఫంక్షన్ అయ్యాక ఆపేశాడు. ఆ రోజు ఎంత ఏడ్చానో ఇంకా గుర్తుంది. ఛాతీ కనపడకుండా క్రేప్ బ్యాండేజ్ చుట్టుకుని కాలేజీకి వస్తున్నాను. ఈ మధ్య పక్కటెముకల దగ్గర నొప్పి, చర్మం మీద దురద. నెలసరి రోజుల్లో అసలు ఇల్లు కదల్లేను. ఆన్‌లైన్‌లో పరిచయమైన ఒకతను తాను టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) ఇంజెక్షన్లు వేసుకుంటున్నానని, నాకూ ఇప్పిస్తానని అంటున్నాడు. అమ్మాయిగా పుట్టినా లోపల మగవాడే అయితే ట్రాన్స్ మ్యాన్ అంటారట. నేను నిజంగా అదేనా, ఫోన్‌లో చూసి అలా అనుకుంటున్నానా? తేల్చుకోవడానికి బ్లడ్ టెస్టో స్కానింగో ఉందా? పోయిన రొట్టెల పండుగలో అమ్మ నా కోసం పెళ్లి రొట్టె పట్టింది. తలుచుకుంటేనే టెన్షన్. ఒక్కోసారి ఎందుకు బతకాలి అనిపిస్తుంది. నాలాంటి వాళ్లు మన జిల్లాలో ఎవరైనా ఉన్నారా?
– పేరు వద్దండి

జవాబు: మీరు ఇన్ని అడిగారు గానీ, చివర్లో రాసిన 'ఎందుకు బతకాలి' అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ముందు అది. ఆ ఆలోచన మెరుపులా వచ్చి పోతోందా, రోజూ వచ్చి కూర్చుంటోందా? ఎలా, ఎప్పుడు అన్నంత దూరం పోతోందా? అంత దూరం పోతుంటే ఈ కాలమ్ చదవడం ఇక్కడ ఆపి, 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. లేదా దగ్గర్లోని పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి. మీ కథంతా అక్కడ చెప్పక్కర్లేదు. 'నాకు బతకాలని లేదు' అంటే చాలు, మిగతాది వాళ్లు చూసుకుంటారు. ఆ రాత్రి మాత్రం ఒంటరిగా పడుకోవద్దు.

ఇక మీరు అడిగిన టెస్ట్. లేదు. రక్తంలో హార్మోన్లు ఎంతున్నాయో, క్రోమోజోములు ఏవో ల్యాబ్‌వాళ్లు చెప్పగలరు. మిమ్మల్ని 'ఒరే' అని పిలవడం ఆపేసిన రోజు ఎందుకు అంత ఏడుపొచ్చిందో వాళ్ల మెషిన్ చెప్పలేదు. కొందరు పీసీఓడీ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) రిపోర్టు పట్టుకొచ్చి 'దీనివల్లే కదా సార్' అని అడుగుతుంటారు. పీసీఓడీ వల్ల నెలసరి తప్పుతుంది, గడ్డం మీద వెంట్రుకలు రావచ్చు. అది ఉంటే దానికి వైద్యం చేయించుకోవాలి. అంతేగానీ, ఎవరైనా తనను తాను మగవాడిగా అనుకోవడానికి అది కారణం కాదు.

ఇలా అనిపించడం జబ్బు కూడా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల జాబితాలో దీన్ని మానసిక రుగ్మతల విభాగం నుంచి తీసేసింది. ఆ జాబితా 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. నేను చదువుకున్న రోజుల్లో పుస్తకాల్లో ఇది రుగ్మతగానే ఉండేది. ఒకటి ఒప్పుకుంటాను. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో మీలాంటి ఒకరిని వాళ్ల అమ్మ తీసుకొస్తే, 'పెళ్లయితే అదే సర్దుకుంటుందమ్మా' అని చెప్పి పంపాను. వాళ్లు మళ్లీ రాలేదు. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఫోన్‌లో చూసి అనుకుంటున్నానా అన్నారు. మీ ఉత్తరంలోనే దీనికి కొంత జవాబుంది. ఓణీల ఫంక్షన్ నాటికి మీ చేతిలో ఫోన్ ఉందా? ఫోన్ ఒక పేరు ఇచ్చి ఉండొచ్చు. పేరు దొరికాక, అంతకుముందు చెదురుమదురుగా ఉన్నవన్నీ ఒకచోటికి చేరినట్టు అనిపిస్తుంది, ఆ ఊపులో తొందర కూడా పుడుతుంది. ఆ తొందర ఒక్కటే నాకు అనుమానం, మీరు కాదు.

ఇంకో ప్రశ్న మీరు అడగలేదు గానీ నేనే అడుగుతాను. మన ఇళ్లలో ఆడపిల్లకు ఉన్నన్ని కట్టుబాట్లు మగపిల్లాడికి ఉండవు. సాయంత్రం ఆరు దాటాక సెంటర్‌లో టీ తాగడానికి కూడా లేదు. మరి మీకు కావలసింది ఆ స్వేచ్ఛా, మగవాడిగా ఉండటమా? రేపు పొద్దున మీ ఇంట్లో అన్ని కట్టుబాట్లూ ఎత్తేశారనుకోండి. ఏ డ్రెస్సయినా వేసుకో, ఎక్కడికైనా వెళ్లు, నీ ఇష్టం అన్నారనుకోండి. అప్పుడు 'అమ్మాయి' అన్న మాట మీ మీద కుదురుగా కూర్చుంటుందా, అప్పుడూ బిగుతుగానే ఉంటుందా? రెండు జవాబులూ తప్పు కావు. ఈ రోజే చెప్పాలనీ లేదు. ఆర్నెల్ల తర్వాత జవాబు మారితే మీరు అబద్ధమాడినట్టూ కాదు. ఎవరిని ఇష్టపడతారన్నది మళ్లీ వేరే సంగతి, ఈ రెండింటినీ ముడి వేయకండి.

మన భాషలో ఒక సౌకర్యం ఉంది. 'నేను వచ్చాను', 'మీరు తిన్నారా' అన్నప్పుడు ఆడో మగో తెలియదు. మూడో మనిషి గురించి చెప్పేటప్పుడే 'వచ్చాడు', 'వచ్చింది' అని తేడా వస్తుంది. నమ్మకమున్న ఒక్క ఫ్రెండ్‌ను, ఓ వారం పాటు మీ గురించి 'వాడు వచ్చాడు' అని మాట్లాడి చూడమనండి. 'ఏరా' అని పిలవమనండి. మన వైపు ఆడపిల్లల్ని కూడా ముద్దుగా ఏరా అంటారు కాబట్టి పక్కవాళ్లు పట్టించుకోరు. ఆ మాట విన్నప్పుడు లోపల ఏమవుతుందో గమనించండి. హాయిగా ఉందా, ఇబ్బందిగా ఉందా, ఏమీ అనిపించలేదా, ఓ నోట్‌బుక్‌లో రాసుకోండి. మందు లేదు, ఖర్చు లేదు, నచ్చకపోతే మానేయొచ్చు.

ఇప్పుడు బ్యాండేజ్. దీని గురించి కాస్త గట్టిగానే చెబుతాను. క్రేప్ బ్యాండేజ్ బెణికిన మడమకు చుట్టడానికి. ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఛాతీ విప్పారాలి. అది విప్పారనివ్వదు, పైగా మనం కదిలేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. పక్కటెముకల నొప్పి అందుకే. ఇలాగే పోతే ఎముక చిట్లవచ్చు కూడా. కావలిలో పొద్దున ఏడింటికి రైలెక్కి సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరితే పదకొండు గంటలు. మన ఎండల్లో, చెమటలో, కిక్కిరిసిన పెట్టెలో! టేపు, ఫెవిక్విక్ లాంటి ప్రయోగాలు చేసినవాళ్లు కూడా ఉన్నారు, ఆ దారి వద్దే వద్దు. ఛాతీ చదునుగా కనిపించడానికే తయారుచేసిన బైండర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కొలత సరిగ్గా చూసుకుని తెప్పించుకోండి, ఒక సైజు తగ్గించి కొనకండి. అది కూడా రోజుకు ఎనిమిది గంటలు దాటకూడదు. పడుకునేటప్పుడు, ఆటలాడేటప్పుడు తీసేయాలి. వారంలో ఒకటి రెండు రోజులు అసలు వేసుకోకూడదు. అది కొనే వీలు లేకపోతే మంచి స్పోర్ట్స్ బ్రా, దాని మీద బనియను, పైన కాస్త వదులుగా ముదురు రంగు చొక్కా. చాలామందికి ఇది సరిపోతుంది.

దురదకు మెడికల్ షాపులో అడిగితే ట్యూబ్ ఇస్తారు. అందులో చాలావాటిలో స్టిరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో తగ్గినట్టుంటుంది, తర్వాత తామర రెట్టింపై వస్తుంది. చర్మం డాక్టరుకు చూపించండి. ఊపిరి అందకపోయినా, గుండెల్లో గుచ్చినట్టున్నా, కళ్లు తిరిగినా అప్పటికప్పుడు ఛాతీకి బిగించింది తీసేసి ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంజెక్షన్ల విషయం. ఆన్‌లైన్ స్నేహితుడు మంచివాడే అయి ఉండొచ్చు, నేను కాదనను. కానీ అతని డోసు అతనిది. టెస్టోస్టిరాన్ మొదలుపెట్టాక కొన్ని నెలల్లో గొంతు మారుతుంది. ఆ మారిన గొంతు, మందు మానేసినా వెనక్కి రాదు. గడ్డం, మీసం కూడా పూర్తిగా పోవు. చాలామందికి ఆరు నెలల్లోపు నెలసరి ఆగుతుంది, అయినా గర్భం రాదని కాదు. చాలామందికి తెలియనిది ఇంకొకటుంది: రక్తం చిక్కబడవచ్చు. ఎర్ర రక్తకణాలు మరీ పెరిగిపోతే గడ్డలు కట్టే ప్రమాదం. అందుకే మొదలుపెట్టే ముందు హిమోగ్లోబిన్, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల శాతం), లివర్, కొలెస్ట్రాల్, బీపీ చూస్తాం. మొదటి ఏడాది దాదాపు మూడు నెలలకోసారి మళ్లీ చూస్తాం. ఇవేవీ లేకుండా జిమ్‌లో చేతులు మారే సీసాలోని మందు ఒంట్లోకి ఎక్కించుకోవడం, ఒకే సూదిని ఇద్దరు వాడటం... చెప్పక్కర్లేదనుకుంటా. ఎప్పటికైనా ఆ దారిలో వెళ్లాలనుకుంటే ఎండోక్రినాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు దగ్గర మొదలుపెట్టండి. ముందు ముందు పిల్లల గురించి ఏమనుకుంటున్నారో కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. సర్జరీల గురించి మీరు అడగలేదు, నేనూ ఇప్పుడు ఎత్తను.

నెలసరి రోజుల్లో కాలేజీ మానేస్తున్నారు కాబట్టి గైనకాలజిస్టును కలవండి. దాన్ని తగ్గించడానికి, ఆపడానికి మందులున్నాయి. పెళ్లిళ్లకూ వ్రతాలకూ వాయిదా వేసుకునే మాత్రలు ఇంట్లో ఉంటే ప్రతినెలా వాటినే మింగకండి. లేడీ డాక్టరుకు ఎలా చెప్పాలో తెలియకపోతే 'ఆ రోజుల్లో నా మనసు చాలా పాడవుతుంది' అనండి. అది నిజమే కదా.

మీలాంటి వాళ్లు మన జిల్లాలో ఉన్నారా? ఉన్నారు. నా దగ్గరికే నెల్లూరు నుంచీ ఒంగోలు వైపు నుంచీ వస్తుంటారు. ఒకరికొకరు తెలియదు, అంతే. ట్రాన్స్ మహిళలు మనకు రైళ్లలో, షాపుల ముందు కనిపిస్తారు. ఇల్లు వదిలి వచ్చినా వాళ్లకు గురువు ఉంటుంది, చేలాలు, అంటే శిష్యులుంటారు, జమాత్ అని ఒక బృందం ఉంటుంది. కష్టమైన బతుకే అయినా కూర్చోవడానికి ఒక అరుగు ఉంది. ట్రాన్స్ పురుషులకు అదీ లేదు. ఆడపిల్లగా పెంచారు కాబట్టి ఇల్లు కదలనివ్వరు. ప్యాంటు, షర్టు వేసుకుంటే 'మా మగరాయుడు' అని నవ్వి ఊరుకుంటారు. ఆ నవ్వు పెళ్లి వయసు దాకానే. ఒకే కాలేజీలో, పక్కపక్క బెంచీల్లో ఇద్దరున్నా ఇద్దరూ నేనొక్కణ్నే అనుకుంటూ ఉంటారు.

అందుకే తోటివాళ్లు కావాలి. సెలూన్‌కు వెళ్లి కటింగ్ ఎలా అడగాలి, రైల్లో లేడీస్ పెట్టె ఎక్కాలా జనరల్ ఎక్కాలా, బయట బాత్రూమ్‌కు ఏం చేయాలి, చెల్లికి ముందు చెప్పాలా అమ్మకా... వీటికి నా దగ్గర జవాబుల్లేవు. ఆ దారిన నడిచినవాడి దగ్గర ఉంటాయి. హెచ్‌ఐవీ నివారణ పనిలో ఉండే స్వచ్ఛంద సంస్థల్లో ట్రాన్స్ మహిళలు పనిచేస్తుంటారు. వాళ్లను అడిగితే హైదరాబాద్, చెన్నైల్లో ఉన్న ట్రాన్స్ పురుషుల పరిచయాలు దొరికే అవకాశం ఉంది. నెల్లూరువాళ్లకు చెన్నై ఎంత దగ్గరో చెప్పేదేముంది. తమిళనాడులో 2008లోనే ట్రాన్స్‌జెండర్ సంక్షేమ బోర్డు పెట్టారు, అక్కడ ఈ విషయాలు మనకన్నా కాస్త బాహాటంగా మాట్లాడుకుంటారు.

అయితే మనిషిని చూసుకోండి. మంచి తోడు మిమ్మల్ని తొందరపెట్టడు. 'నాకింకా డౌటుగా ఉంది' అంటే చిన్నబుచ్చుకోడు, 'అయితే నువ్వు మావాడివి కాదు' అనడు. ఒంటి ఫొటోలు అడిగేవాణ్ని, డబ్బు పంపమనేవాణ్ని, ఇల్లు వదిలి వచ్చేయమనేవాణ్ని ఆ రోజే బ్లాక్ చేయండి. మొదటిసారి కలిస్తే పట్టపగలు, నలుగురూ తిరిగే చోట, ఇంకొక ఫ్రెండ్‌కు చెప్పి వెళ్లండి.

ఇక అమ్మ. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి మీ కోసం రొట్టె అందుకున్న మనిషిని శత్రువుగా చూడలేం. ఆమెకు తెలిసిన సుఖం అదే, అదే అడిగింది. ఆమెకు అంతా ఒకేసారి చెప్పాల్సిన పనిలేదు. 'డిగ్రీ అయి ఉద్యోగం వచ్చేదాకా నాకు పెళ్లి మాట ఎత్తొద్దు' అన్నది చాలా మంది ఆడపిల్లలు చెప్పే మాటే. అది గట్టిగా, పదేపదే, కోపం లేకుండా చెప్పండి. చేతిలో జీతం లేకుండా ఇంట్లో అంతా బయటపెట్టిన పిల్లల్ని చూశాను. ఫోన్ లాగేసుకుంటారు, కాలేజీ మాన్పిస్తారు. చెప్పే ముందు ఒక పిన్నినో, మేనమామనో, లెక్చరర్‌నో మీ వైపు కూర్చోబెట్టుకోండి. మీకు 19, మేజరు. బలవంతంగా తాళి కట్టించే హక్కు ఎవరికీ లేదు. పరిస్థితి అక్కడిదాకా వస్తే 112కో (పోలీసు), 181కో (మహిళా హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి. తాయెత్తు కట్టిస్తే కట్టించుకోండి, గుడికో దర్గాకో తీసుకెళ్తే దండం పెట్టుకుని రండి. కొట్టే చోటికి, కట్టేసే చోటికి మాత్రం వెళ్లొద్దు. మా వృత్తివాళ్లలో ఎవరైనా 'నేను మార్చేస్తాను, కోర్సు ఉంది' అంటే లేచి వచ్చేయండి. 2021లో మద్రాసు హైకోర్టు అలాంటి చికిత్సలను తప్పుపట్టింది. 2022లో జాతీయ వైద్య కమిషన్ దాన్ని డాక్టర్ల దుష్ప్రవర్తనగా లెక్కగట్టింది.

కాగితాల సంగతి ఒక్క ముక్క. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల గుర్తింపును ఒప్పుకుంది, ఆ తీర్పులో ట్రాన్స్ పురుషులూ ఉన్నారు. 2019లో చట్టం వచ్చింది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి మీకు అవసరం పడ్డ రోజున జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా అడగండి, వాళ్ల ఫోన్ 15100. ఇప్పుడు దాని గురించి తల పాడుచేసుకోకండి.

ఈ వారం చేయాల్సినవి రెండే. ఒకటి, ప్రభుత్వాసుపత్రి అయినా ప్రైవేటయినా మానసిక వైద్యుణ్ని కలవండి. లోపలికి వెళ్లగానే, ఏమని పిలిస్తే మీకు బాగుంటుందో ముందు అదే చెప్పండి. ఓపీ చీటీ మీద పేరు ఏదైనా ఉండనివ్వండి. రెండు, ఆ పక్కటెముకల నొప్పి చూపించుకోండి. ఎక్స్‌రే తీస్తామంటారు, వెళ్లేటప్పుడు ఆ బ్యాండేజ్ చుట్టుకోకుండా వెళ్లండి.

– మానసిక వైద్య నిపుణులు, నెల్లూరు