ఎడిటింగ్‌లోకి వస్తానంటున్న మేనల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

అసిస్టెంట్‌గా చేరితే ఏళ్లు వృథా అయిపోతాయేమోనని రాశావు. ముందు ఆ టెన్షన్ వదిలెయ్. సాఫ్ట్‌వేర్ కొన్ని నెలల్లో చేతికొచ్చేస్తుంది. అవిడ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకో, ప్రీమియర్ అనేది కూడా వస్తే మంచిదే. ఏ టేక్ ఉంచాలి, షాట్ ఎక్కడ వదలాలి అన్నది మాత్రం రషెస్, అంటే షూట్ చేసిన ముడి ఫుటేజ్, చూడగా చూడగా రావాల్సిందే. అసిస్టెంట్ చూసినన్ని రషెస్ ఇంకెవరూ చూడరు.

మొదట్లో బోరు కొడుతుంది. క్లాప్ పడిన ఫ్రేమ్ పట్టుకుని సౌండ్‌ని బొమ్మతో సింక్ చెయ్యడం, సీన్ల వారీగా బిన్లు (సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులు పెట్టుకునే ఫోల్డర్లు) సర్దడం, ఇదే పని. ఫుటేజ్ రెండు చోట్ల కాపీ అయిందని నీ కళ్లతో చూశాకే కెమెరా మెమరీ కార్డు తిరిగివ్వు. ఎవరెంత తొందరపెట్టినా సరే.

రషెస్ మొదటిసారి చూసేటప్పుడు ఫోన్ పక్కన పడెయ్. ఎక్కడ నవ్వొచ్చిందో, ఎక్కడ ఆవులింతొచ్చిందో అప్పటికప్పుడు రాసుకో. కొన్ని వారాలు పోయాక ఆ జోక్‌కి నీకు నవ్వు రాదు, ఏడుపు సీన్ చూసినా ఏమీ అనిపించదు. అప్పుడు కొత్తగా చూసినవాడికి ఏమనిపిస్తుందో చెప్పేది ఆ కాగితమే. డైరెక్టర్ ‘ఈ సీన్ లాగుతోంది, తీసెయ్’ అంటే, తీసే ముందు దాని ముందు సీన్ ఒకసారి చూడు. చాలాసార్లు జబ్బు అక్కడుంటుంది.

ఖాళీ దొరికితే ఎడిటర్‌ని అడిగి ఒక డైలాగ్ సీన్ నువ్వే కట్ చెయ్. మాట్లాడేవాడినే చూపిస్తూ కూర్చోకు, వినేవాడి ముఖం మీద ఎప్పుడు ఉండాలో చూసుకో. తర్వాత ఆయన కట్‌తో పోల్చుకో. సెకనుకి 24 ఫ్రేములే కదా అనుకుంటాం గానీ, రెండు ఫ్రేములు అటూ ఇటూ అయితే చెంపదెబ్బ కూడా తగిలినట్టుండదు.

డైరెక్టర్‌తో నెలల తరబడి ఒకే గదిలో కూర్చోవాలి. హాలీవుడ్ ఎడిటర్ థెల్మా షూన్‌మేకర్ 1980 నుంచి డైరెక్టర్ మార్టిన్ స్కోర్సెసీ కథాచిత్రాలన్నీ ఎడిట్ చేస్తూ వచ్చారు, ఆవిడ మూడు ఆస్కార్లూ ఆ సినిమాలకే. అలాంటి జోడీ అందరికీ కుదరదనుకో. డైరెక్టర్ చెప్పింది నీకు నచ్చకపోతే ఒకసారి స్పష్టంగా చెప్పు, తర్వాత ఆయన అడిగినట్టే కట్ చేసి చూపించు. పాత వెర్షన్ మాత్రం చెరపకు.

డబ్బు సంగతి చేరే ముందే మాట్లాడుకో. సినిమాకీ సినిమాకీ మధ్య ఖాళీ తప్పదు. రీషూట్లు పడి పని సాగితే అదనపు నెలలకి ఎంతిస్తారో కాగితం మీద పెట్టించు. అడగడానికి మొహమాటంగా ఉంటే నాకు ఫోన్ చెయ్, ఎలా అడగాలో చెప్తాను.

మావయ్య