పుల్పిట్ జోలికి పోవద్దు, కెజియా

కెజియా తల్లీ,

నువ్వు సర్పంచికి నిలబడే సంగతి నీ నోటితో చెప్పలేదు. ఒంగోలు మార్కెట్లో వంకాయలు ఏరుకుంటుంటే మన ఊరావిడ ఒకతె, "మీ మేనకోడలు పోటీ చేస్తోందంటగా టీచరమ్మా" అంది. నాకు ముందే తెలిసినట్టు తలూపాను. ఇంటికొచ్చి మీ నాన్నకి ఫోన్ చేసి కడిగేశాను. "నీకు చెబితే వద్దంటావని భయపడిందక్కా" అన్నాడు. నేనెందుకు వద్దంటానే? మన పాలెం పిల్ల ఆ కుర్చీలో కూర్చుంటానంటే నాకు పండగ కాదా? సంతోషంగానే ఉంది, నిద్ర మాత్రం పట్టడం లేదు. వాట్సాప్‌లో పెడితే సగం చదివి బొటనవేలు బొమ్మ పంపిస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నా.

ఓటర్ల జాబితాలో నీ ఇంటిపేరు పుట్టింటిది ఉందో అత్తింటిది ఉందో చూసుకో. పన్ను బకాయిలు కట్టెయ్యి. నామినేషన్ చివరి రోజు దాకా ఆగకు. ఖర్చు ఏ రోజుది ఆ రోజు రాసిపెట్టుకో. ఇవి ఎవరైనా చెబుతారు.

ఎవరూ చెప్పనిది సర్టిఫికెట్ సంగతి. మన ఊరి సీటు ఈసారి మహిళదే అంటున్నారు, ఏ వర్గం మహిళకి రిజర్వ్ అవుతుందో ఇంకా తేలలేదుగా. జనరల్ మహిళ అయితే నిశ్చింతగా నామినేషన్ వెయ్యి. ఎస్సీ మహిళ అయితే మాత్రం, నా మాట విను, వెయ్యకు. నీ చిన్నప్పుడు మీ నాన్న స్కాలర్‌షిప్ కోసం తీయించిన కాగితంలో హిందూ అని ఉంది. నువ్వేమో బాప్తిస్మం తీసుకుని సండే స్కూలు నడుపుతున్నావు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కుల్నీ 1990లో బౌద్ధుల్నీ అందులో కలిపారు, మన క్రైస్తవుల్ని కలపలేదు. మన రాష్ట్రంలో మనకి ఇచ్చింది బీసీ-సి గ్రూపు, ఒక్క శాతం రిజర్వేషన్. అన్యాయం కాదా అంటే అన్యాయమే. మన గుడికి, అదే చర్చికి, వెళితే అంటరానితనం పోతుందా, అదే పాలెం, అదే బావి, అదే చూపు. 2023 మార్చిలో మన అసెంబ్లీ కూడా మనకి ఎస్సీ హోదా ఇమ్మని కేంద్రాన్ని అడుగుతూ తీర్మానం చేసింది. ఆ పోరాటం చెయ్యి, నేనూ వస్తా. కానీ ఆదివారం యేసు ప్రభువు నా రక్షకుడని సాక్ష్యం చెప్పి, సోమవారం ఆఫీసర్ ముందు నేను హిందువునని సంతకం పెడితే, నీ మీద ఎవరో కేసు వేస్తారన్న భయం నాకు రెండోది. మొదటిది, నీ దగ్గర వాక్యం నేర్చుకునే పిల్లలు ఆ కాగితం చూస్తారని. బీసీ మహిళ అయితే ఎమ్మార్వో ఆఫీసుకెళ్ళి ఏ కాగితం చెల్లుతుందో నువ్వే అడిగి తెలుసుకో, దళారీని పంపకు.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. నీ నామినేషన్‌కి ముందు ఆదివారం గుళ్ళో నిన్ను ముందు నిలబెట్టి, తలమీద చేతులుంచి, అభిషేక ప్రార్థన చేస్తారంట గదా. వద్దు. వద్దంటే వద్దు. మీ నాన్న నీకు చెప్పి ఉండడు కాబట్టి నేను చెబుతా.

నేను టీచర్ ట్రైనింగ్ అయ్యి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న రోజులు. అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. మన గుడి కప్పు తాటాకు. వానాకాలం వస్తే పాస్టరు గారు ప్రసంగం చేసే పుల్పిట్ మీద గొడుగు పట్టాల్సిందే. మీ తాత అప్పుడు సంఘ పెద్ద. ఒక పార్టీ అభ్యర్థి గుడికి రేకులు వేయిస్తానని కబురు పంపాడు. ఆదివారం ఆరాధనకొచ్చాడు, చెప్పులు బయట విడిచాడు, ముందు బల్ల మీద మగవాళ్ళ వైపు కూర్చున్నాడు. పాస్టరు గారు రోమా పత్రిక పదమూడో అధ్యాయం తీశారు. "ప్రతివాడును పై అధికారులకు లోబడియుండవలెను." దాని మీద గంట ప్రసంగం. అధికారం దేవుడిచ్చేదే కాబట్టి దేవుడు ఎవర్ని పంపాడో గుర్తించాలన్నారు. ఎవర్ని పంపాడో అందరికీ ముందు బల్ల మీద కనిపిస్తూనే ఉంది. ఆ తర్వాత మీ తాతని ప్రార్థన చెయ్యమన్నారు. మా నాన్న, ఎంత మంచి మనిషో నీకు తెలుసుగా, శాలువా కప్పుకున్న ఆ మనిషి భుజం మీద చెయ్యి వేసి "ఈయనను మా మీద నాయకుడిగా నియమించు ప్రభువా" అన్నాడు.

జనం ఆమేన్ అన్నారు. తలుపు దగ్గర నుంచి ఒకాయన లేచాడు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ కాడ రాత్రిళ్ళు మంట పెట్టే పని ఆయనది. "నేను ఆమేన్ అనలేను పెద్దయ్యా. నా పొయ్యిలో పిల్లి లేవకపోతే నా పిల్లలకి కూడెక్కడిది?" అని, కండువా దులుపుకుని బయటికెళ్ళిపోయాడు. ఆయన పనిచేసే ఆసామి రెండో పార్టీ. మన పాలెంలో సగం మంది ఆ ఆసామి పొలాల్లోనే బతికేవాళ్ళు. అది మా నాన్నకి తెలియక కాదు. దేవుడి పని జరుగుతుంటే కూలి లెక్కలేంటి అనుకున్నాడు.

రెండో పార్టీయే గెలిచింది. ఆ ఏడు పొగాకు గ్రేడింగుకి మన ఆడవాళ్ళని పిలవలేదు. అది ఒక్క సీజను బాధ. తర్వాతి నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల, సంఘమంతా కలిసి రొట్టె, ద్రాక్షారసం తీసుకునే రోజు. రొట్టె పళ్ళెం పట్టుకుని మీ తాత నిలబడితే, ఎడమవైపు వరసలన్నీ ఖాళీ. బయట చింతచెట్టు కింద వాళ్ళు వేరే పాట పాడుకుంటున్నారు. పళ్ళెం మీద తెల్ల గుడ్డ తీసి, మళ్ళీ కప్పి, మళ్ళీ తీశాడు. పాస్టరు గారు కానివ్వమన్నాకే కదిలాడు. ఆ చింతచెట్టు కింద పాటే ఇప్పుడు మీ వీధి చివర రెండో గుడి. రెండు మైకులు, రెండు క్రిస్మస్ నక్షత్రాలు, శ్మశానంలో కూడా రెండు వైపులు. నువ్వు పుట్టినప్పటి నుంచీ ఇట్టాగే ఉంది కాబట్టి నీకు వింతగా లేదు.

ఎన్నికలకి ముందు దించిన రేకులు సగం బండి. మీ తాత వాటిని గుడికి వెయ్యనివ్వలేదు. మా ఇంటి గోడకి ఆనించి ఉండేవి, వాటి వెనక కోళ్ళు గుడ్లు పెట్టేవి. మా అమ్మ ఒకసారి పశువుల కొట్టానికి వేద్దామంటే అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

అందుకే చెబుతున్నా, ఏ చెయ్యీ నీ తలమీద పెట్టించుకోకు. ఇంట్లో పదిమంది మోకరించి ప్రార్థన చేస్తే చెయ్యనీ. రాజుల కోసం ప్రార్థన చెయ్యమని తిమోతి పత్రికలో ఉంది. రాజుల కోసం, అధికారులందరి కోసం అని ఉంది. నీ మీద పోటీ చేసే ఆవిడ పేరు కూడా ఆ ప్రార్థనలో పలకండి, అప్పుడు తెలుస్తుంది అది ప్రార్థనో ప్రచారమో. చట్టమూ ఒప్పుకోదు. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల్లో మతం పేరుతో ఓటడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద తప్పు, 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి దాన్ని ఇంకా గట్టి చేసింది. సర్పంచి ఎన్నికలకి పార్టీ గుర్తులు లేనట్టే మత గుర్తులూ ఉండకూడదు.

నువ్వు స్టేటస్‌లో పెట్టే ఆ అమెరికా ప్రసంగాలు చూస్తున్నానమ్మాయ్. విశ్వాసులు లేచి దేశాన్ని చేతిలోకి తీసుకోవాలంటాడు ఒకాయన. జెర్రీ ఫాల్వెల్ అని అక్కడో బాప్తిస్టు పాస్టరు ఉండేవాడు. 1965లో, నల్లవాళ్ళ హక్కుల ఊరేగింపులు జరుగుతున్నప్పుడు, బోధకులు రాజకీయాల్లోకి దిగకూడదు, ఆత్మల్ని సంపాదించాలి అని ప్రసంగం చేశాడు. 1979లో ఆయనే మోరల్ మెజారిటీ అని సంస్థ పెట్టి ఓట్లు కూడగట్టాడు. అదే బైబిలు, అదే మనిషి. అబార్షన్ లాంటి సంగతుల్లో ఆ పక్షం చెప్పేవాటిలో నేను ఒప్పుకునేవి ఉన్నాయి. కానీ మెజారిటీ అనే మాట మనకి నప్పేదేనా? 2011 లెక్కల్లో దేశం మొత్తం మీద మనం 2.3 శాతం. రేపు ఇంకొకరు అదే పాఠం నేర్చుకుని, మెజారిటీ మాది, పంచాయతీ మా దేవుడిది అంటే ఏ మొహంతో కాదంటావు? పైగా మనం బాప్తిస్టులం. ప్రభుత్వానికి మనిషి మనస్సాక్షి మీద పెత్తనం లేదన్నందుకు ఊరు నుంచి వెళ్ళగొట్టించుకుని 1636లో ప్రావిడెన్స్ ఊరు కట్టుకున్న రోజర్ విలియమ్స్ అమెరికాలో మొదలుపెట్టిన దారి ఇది. ఆ దారిలో వచ్చినవాళ్ళే 1840లో నెల్లూరులో మిషన్ పెట్టారు.

అట్టాగని నెల్లూరు చిన్నత్త వాళ్ళ సహవాసం మాట కూడా వినకు. వాళ్ళు ఓటే వెయ్యరు. మన పౌరస్థితి పరలోకంలో ఉంది, ప్రభువు రాకడ దగ్గరపడింది, ఈ లోకాన్ని బాగుచేసే పని మనది కాదంటారు. వాళ్ళ భక్తిని నేను తక్కువ చెయ్యను, వాళ్ళింట్లో అబద్ధం వినపడదు. కానీ పౌలుని కొరడాతో కొట్టబోతే నేను రోమా పౌరుణ్ణని గట్టిగా చెప్పాడు గదా. పరలోకం సంగతి ఆయనకి తెలియకనా?

మనకి వాళ్ళ జబ్బు వేరే రూపంలో ఉంది. 1992లో కలిగిరి దగ్గర దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్ళూ సారా కొట్టు మూయించారు. చూస్తుండగానే జిల్లా అంతా అంటుకుంది, నెల్లూరులో సారా కొట్ల వేలంపాట జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా బందు. మన గుళ్ళో అంతకు ముందు ఎన్నేళ్ళ నుంచో తాగుబోతుల మీద ప్రసంగాలు. తాగేవాడు పాపి, మారుమనస్సు పొందాలి, బాగుంది. ఆ కొట్టు వేలం వేసిందెవరు, పాడిందెవరు, ఆ డబ్బు ఎటు పోయింది అని పుల్పిట్ మీద నుంచి ఒక్కరన్నా అడిగారా? మన పాలెం ఆడవాళ్ళం కొట్టు ముందు కూర్చున్న రోజు పాస్టరమ్మ ఒక్కతే వచ్చింది, అదీ కొంగు తలమీద కప్పుకుని వెనక వరసలో. పాపం మనిషి గుండెలోనే ఉంటుందనుకుంటారు మనవాళ్ళు. కాగితాల్లోనూ ఉంటుంది. నువ్వు కూర్చోబోయేది ఆ కాగితాల ముందే.

అయినా మనవాళ్ళ పాత బోధలో ఆ కుర్చీకి పనికొచ్చేది ఒకటుంది, అది మాత్రం వదలకు. నీతిమంతుడు లేడు, ఒక్కడును లేడు అని. సర్పంచి కూడా అందులోనే ఉంది. మన కెజియా మంచిపిల్ల, లెక్కలు అడగక్కర్లేదు అని జనం అంటారు. నువ్వే అడిగించుకో. గ్రామసభ తూతూమంత్రంగా పెట్టకు, ఏ బిల్లు ఎంతో బోర్డు మీద రాయించు. ఖాళీ కాగితం మీద సంతకం మీ ఆయన అడిగినా పెట్టకు. దావీదు రాజుకి నాతాను ప్రవక్త ఉన్నట్టు, "ఆ మనుష్యుడవు నీవే" అని మొహం మీద అనేవాళ్ళు నీకొకరు కావాలి. మీ నాన్న అనలేడు, వాడికి నువ్వంటే ముద్దు. రెండో గుడి పెద్దని అడిగి చూడు.

ఇళ్ళ స్థలాలు, పెన్షన్లు వచ్చినప్పుడు మన ఒంగోలు మిషనరీ క్లౌ దొర చేసింది గుర్తుంచుకో. 1876లో మొదలైన కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కూడు కోసం కలుస్తారేమోనని కరువు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సాయం అయిపోయాకే, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. నువ్వూ అంతే, పెన్షన్ ఇప్పించిన ముసలమ్మని ఆదివారం ఎందుకు రాలేదని అడక్కు. వేరే గుడివాళ్ళ కుళాయి ముందు బాగుచేయించు.

ఇంకోటి. ఆడది సంఘంలో బోధించకూడదని నన్ను ఇన్నేళ్ళూ సండే స్కూలు దాటనివ్వని పెద్దమనుషులే నిన్ను పోటీకి నిలబడమంటున్నారు. బైబిల్లో ఇశ్రాయేలుకి న్యాయాధిపతిగా ఉన్న దెబోరా గుర్తొచ్చి కాదులే. సీటు మహిళది కాబట్టి. సంతకం నీది, మాట మీ ఆయనది అయితే వాళ్ళకి ఏ వాక్యమూ అడ్డం రాదు. అల్లుడు మంచివాడే, బండి మీద నిన్ను తిప్పుతాడు, అడక్కుండా టీ పెడతాడు. కానీ మండల ఆఫీసులో కుర్చీ ఒక్కటే వేసి ఉంటే ఎవరు కూర్చుంటారో ముందే మాట్లాడుకోండి.

ఏకగ్రీవం చేద్దాం, నువ్వు తప్పుకుంటే గుడికి ప్రహరీ కట్టిస్తాం అని ఎవరన్నా వస్తే, సమాధానం చెప్పకముందు నాకు ఫోన్ చెయ్యి, రాత్రయినా సరే. మోకాళ్ళు సహకరిస్తే ప్రచారానికి వస్తా. రెండో గుడి వీధి నాకు వదిలెయ్యి, ఆ కండువా దులుపుకున్నాయన మనవరాలు నా దగ్గరే పదో తరగతి చదివింది.

శనివారం అల్లుణ్ణి వెంటబెట్టుకుని రా. కుల సర్టిఫికెట్, బాప్తిస్మం కార్డు, ఆధార్, మూడూ అసలువే పట్టుకురా, జిరాక్సులు కాదు. డిపాజిట్ డబ్బు నేను తీసి ఉంచా. చేపల పులుసు చేస్తా, పొద్దున్నే బయల్దేరండి.

నీ అత్త