నెల ఆగి కొనడం మంచిదే అమ్మలూ, ఆగిన డబ్బు ఎక్కడుందో కూడా చూసుకో

అమ్మలూ,

రెండు వేలు దాటిన వస్తువేదైనా పుస్తకంలో రాసి, నెల ఆగాకే కొనాలని నువ్వూ అల్లుడూ అనుకున్నారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఎంత సంతోషమేసిందో! ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది, అందుకే రాస్తున్నా.

వస్తువు పక్కన ధర, తేదీ రాయి. షాపింగ్ యాప్‌లలో కార్డు నంబరు తీసెయ్.

మీ బావ సంగతి మాత్రం పూర్తిగా విను. 2024 శ్రావణమాసంలో ఆఫర్ అయిపోతోందని పరుగెత్తుకెళ్లి డబుల్ డోర్ ఫ్రిజ్, సోఫా తెచ్చాడు. పాత ఫ్రిజ్‌కి తలుపు రబ్బరు మార్పిస్తే సరిపోయేది. చేతిలో ఉన్నదంతా డౌన్ పేమెంట్ కట్టి మిగతాది ఈఎంఐ పెట్టాడు. వడ్డీ లేదన్నారట, ప్రాసెసింగ్ ఫీజూ దాని మీద జీఎస్టీ మాత్రం కట్టించుకున్నారు. సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో మా సింగ్ నగర్ మునిగింది. మాది కింది వాటా కదా, కొత్తవన్నీ నీళ్లలోనే. నీళ్లు తీశాక బురద ఎత్తించాలన్నా, మావయ్య మందులకన్నా వాడి దగ్గర రూపాయి లేదు. క్రెడిట్ కార్డు గీకి, నెలనెలా మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన కాస్త మాత్రమే కడుతూ పోయాడు, మిగిలిన దాని మీద నెలకి మూడు శాతం పైనే వడ్డీ. ఫ్రిజ్ పాత సామాన్లవాడికి పోయింది, దాని వాయిదా మాత్రం ఆగలేదు. వరదొస్తుందని ఎవరికి తెలుసు? నేను వాణ్ని ఒక్క మాట అనలేదు. రాత్రిళ్లు నిద్రపోకుండా మెట్ల మీద కూర్చునేవాడు, అది చూడలేకపోయాను తల్లీ.

అందుకని, కొనకుండా ఆగిన డబ్బుని అదే రోజు వేరే ఖాతాలో వేసెయ్. లేకపోతే ఇంకో ఆఫర్లో కలిసిపోతుంది. ఆగితే ధర పెరుగుతుందని అల్లుడు భయపడుతున్నాడట, ప్రతిసారీ అలాగే జరగదు, ఒక్కోసారి తగ్గుతుంది కూడా అని చెప్పు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగలేదూ?

గ్యాస్ పైపు, కాలిన ప్లగ్గు, డాక్టరు దగ్గరికెళ్లడం, ఇవి ఆ పుస్తకంలో రాస్తే ఊరుకోను. నీ పన్ను నొప్పి సంగతి మీ అమ్మ చెప్పింది. చిన్నప్పుడూ అంతే, ఫీజు అవుతుందని మీ నాన్న ముఖం చూసి జ్వరం దాచుకునేదానివి. రేపే వెళ్లు.

గ్రైండర్ రాసుకున్నావట, కొట్టెయ్. అటక మీద ఉండబట్టి నాది మునగలేదు, ఇప్పుడు మా ఇద్దరికీ మిక్సీ చాలు. అది నువ్వే తీసుకో. ఆదివారం అల్లుణ్ని గుంటూరు నుంచి బండి మీద పంపించు, భోజనం ఇక్కడే.

మీ అత్తయ్య