పురుగులు తిరుగుతున్నాయని నీళ్లు మంచివనుకోవచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు వైపు. ఉప్పుటేరు నీళ్లతో వనామి రొయ్యలు వేస్తాం. చెరువుకు నీళ్లు పెట్టుకునే ముందు గాజు గ్లాసులో పట్టి టార్చి వేస్తే తెల్ల పురుగులు ఎగిరెగిరి పడుతూ కనిపిస్తాయి. అవి ఉంటే నీళ్లు బాగున్నట్టేనని మా వాళ్ల లెక్క. ఈమధ్య ఏట్లో నీళ్లు ఎర్రగా తిరిగినప్పుడు కూడా అవి బాగానే ఉన్నాయి. అది విషపు నాచే అయితే మేసిన పురుగులు చావాలి కదా? టెన్షన్‌గా ఉంది, చెప్పగలరు.
ఒక రొయ్యల రైతు

జవాబు: చాలాసార్లు చావవండీ. అందుకే వాటిని చూసి నీళ్లకు సర్టిఫికెట్ ఇవ్వొద్దంటాను.

మీరు చూసిన వాటిలో ఎక్కువ కోపీపాడ్లే అయ్యుంటాయి. మిల్లీమీటరు అటూ ఇటూ ఉండే ఈ జీవులు సముద్రంలో కంటికి ఆనని నాచు కణాలు మేసి బతుకుతాయి, చిన్న చేపలు వీటిని తిని బతుకుతాయి. నోట్లోకి ఏది వస్తే అది మింగేస్తాయనుకుంటే పొరపాటే. హైస్పీడ్ కెమెరాతో తీసిన దృశ్యాల్లో కోపీపాడ్ నోటి దగ్గరి సన్నని కాళ్లతో ఒక్కో నాచు కణాన్ని పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, నచ్చకపోతే విసిరేయడం స్పష్టంగా కనిపిస్తుంది. ఆ కణం మిల్లీమీటరులో ముప్పయ్యో వంతు కూడా ఉండదు, అయినా రుచి పట్టేస్తుంది. అలెగ్జాండ్రియం అనే నాచు శాక్సిటాక్సిన్ అనే నరాల విషం తయారుచేస్తుంది. అలాంటి కణాలను వదిలేసి పక్కనున్న మంచి నాచునే ఏరుకుని తినే కోపీపాడ్లు ఉన్నాయి.

చిక్కంతా అక్కడే వస్తుంది. పశువులు జిల్లేడు ముట్టకుండా చుట్టూ ఉన్న గడ్డి మేసేస్తే చివరికి బీడంతా జిల్లేడే మిగిలినట్టు, వీటి మేతతో విషపు నాచుకు పోటీ తగ్గి అదే పెరగొచ్చు. పైగా ఆ నాచు ఊరికే కూర్చోదు. కోపీపాడ్లు నీళ్లలోకి వదిలే కొన్ని పదార్థాలను పసిగట్టి విషం ఇంకా పెంచుకుంటుంది. అలెగ్జాండ్రియంలో ఒక రకానికి కోపీపాడ్లు తిరిగిన నీళ్లు తగిలితే విషం రెండున్నర రెట్ల దాకా పెరిగినట్టు 2006లోనే తేలింది. ఆ పదార్థాలేమిటో 2015లో స్వీడన్ శాస్త్రవేత్తలు పట్టుకుని కోపీపాడమైడ్లు అని పేరు పెట్టారు. నాకైతే ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే.

మరి వేరే తిండి లేక తినాల్సి వస్తే? అలవాటు లేనివి మేత తగ్గిస్తాయి, ఈత మందగిస్తుంది, గుడ్లు తగ్గిపోతాయి. అలవాటు పడినవి తట్టుకుంటాయి. అమెరికాలో ఈ నాచు తరచూ వచ్చే మెయిన్ రాష్ట్ర తీరపు కోపీపాడ్లు, అది పెద్దగా తెలియని న్యూజెర్సీ వాటికంటే విషపు మేత మీద బాగా తిని ఎక్కువ గుడ్లు పెట్టాయి. అంటే హుషారుగా ఎగిరే పురుగు ఒంట్లో కూడా విషం ఉండొచ్చు, అక్కడి నుంచి చేపలోకి పోవచ్చు. 1987-88 చలికాలంలో అమెరికా తీరంలోని కేప్ కాడ్ దగ్గర 14 హంప్‌బ్యాక్ తిమింగలాలు చనిపోయాయి, అవి తిన్న కానాగంత జాతి చేపల్లో ఇదే శాక్సిటాక్సిన్ బయటపడింది.

ఎరుపు రంగు ఒక్కటే చూసి కూడా తీర్పు చెప్పలేం. రాత్రిపూట అల విరిగినప్పుడు నీలంగా మెరిసే నాక్టిలూకా అనే సూక్ష్మజీవి పగలు నీళ్లను ఎర్రగా చేస్తుంది. దానికి అలెగ్జాండ్రియం లాంటి విషం లేదు గానీ ఒంట్లో అమ్మోనియా ఉంటుంది, గుంపుగా చచ్చి కుళ్లితే ఆక్సిజన్ పడిపోతుంది. అలెగ్జాండ్రియం అయితే నీటి రంగు మారకముందే ప్రమాదం తేగలదు.

కాబట్టి నీళ్లు రంగు తిరిగినన్ని రోజులు మోటారు వేయకండి, తప్పనిసరైతే ముందు రిజర్వాయర్ చెరువులో ఆపండి. సీసాలో నీళ్లు పట్టి అదే రోజు మైక్రోస్కోపు ఉన్న ల్యాబ్‌కి పంపి, పురుగులు కాదు, ఏ నాచు ఉందో చూడమనండి. చిక్కగా నాచున్న నీళ్లకు వెంటనే బ్లీచింగ్ కొట్టేయాలనిపిస్తుంది, కానీ కణాలు ఒక్కసారిగా పగిలితే లోపలున్నదంతా నీళ్లలోకే వస్తుంది, చచ్చిన నాచు కుళ్లడం వేరే. నాచు దానంతటది పలచబడేదాకా ఆగి ఆ తర్వాత కొట్టుకోవడం మేలు.

ఇంకొకటి, మీరు అడక్కపోయినా చెప్పాలి. ఆ రోజుల్లో ఏటి ఆల్చిప్పలు ఇంట్లో వండనివ్వకండి. అవి కోపీపాడ్లలా ఏరుకోవు, నీళ్లు వడగట్టి నాచును లోపల పోగేసుకుంటాయి. ఎంత ఉడికించినా శాక్సిటాక్సిన్ పోదు. 1981లో తమిళనాడులో ఇలాంటి చిప్పలు తిని 85 మంది ఆసుపత్రి పాలయ్యారు, ముగ్గురు చనిపోయారు. తిన్న కాసేపటికే పెదవులు, నాలుక తిమ్మిరెక్కితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఏం తిన్నారో డాక్టరుకు ముందే చెప్పండి.