ట్రిప్సిన్ వేస్తే కణాలు విడివిడిగా రాకుండా పొరలుపొరలుగా ఎందుకు ఊడుతున్నాయి?

ట్రిప్సిన్ అంటే ప్రోటీన్లని కోసే ఎంజైమ్, డిష్‌కి అంటుకుని పెరిగిన కణాల్ని ఊడదీయడానికి వాడతాం. మీ కణాలు అడుగుని వదిలేశాయి కానీ పక్కవాటిని వదల్లేదు, అంతే. ఆ రెండు పట్లూ వేరు. ఇది నాకు పుస్తకంలో ఎక్కలేదు, ఒక పొరపాటు చేశాక ఎక్కింది.

ల్యాబ్‌లో చేరిన కొత్తలో నేనూ మీలాగే ఎండీసీకే కణాలు, అంటే కుక్క కిడ్నీవి, పెంచేవాణ్ని. ఒకరోజు హడావిడిలో చేతికందిన డిష్‌లో వేసి ఇంక్యుబేటర్‌లో పెట్టేశా. మర్నాడు చూస్తే ఒక్కటీ అడుక్కి అంటుకోలేదు, అలాగని చావనూ లేదు, ఒకదాన్నొకటి కరుచుకుని ద్రాక్ష గుత్తుల్లా తేలుతున్నాయి. మా సీనియర్ అక్క డిష్ ఎత్తి చూసి "ఇది బ్యాక్టీరియా ప్లేట్ రా బాబూ" అంది.

అడుగుని పట్టుకునేవి కణం మీదుండే ఇంటెగ్రిన్లు అనే ప్రోటీన్లు. నిజానికి అవి ప్లాస్టిక్‌ని పట్టుకోవు, మీడియాలో (కణాల్ని పెంచే పోషక ద్రవంలో) కలిపే సీరమ్‌లోంచి, అంటే రక్తం నుంచి తీసిన ద్రవంలోంచి, వచ్చి దానిమీద పరుచుకున్న ఫైబ్రోనెక్టిన్, విట్రోనెక్టిన్ అనే ప్రోటీన్లని పట్టుకుంటాయి. కల్చర్ డిష్ పైభాగాన్ని తడి అంటేలా ట్రీట్ చేస్తారు కాబట్టి ఆ ప్రోటీన్లు అక్కడ సరిగ్గా కుదురుకుంటాయి. బ్యాక్టీరియా ప్లేట్‌కి ఆ ట్రీట్‌మెంట్ ఉండదు.

పక్క కణాన్ని పట్టుకునేవి ముఖ్యంగా క్యాడెరిన్లు అనే వేరే ప్రోటీన్లు. వీటి బలమంతా కాల్షియంలోనే ఉంది. కాల్షియం ఉన్నంతసేపూ ట్రిప్సిన్ కూడా వాటిని సరిగ్గా కోయలేదు (జపాన్ శాస్త్రవేత్త తాకెయిచి వీటి జాడ పట్టింది ఈ తేడాతోనే, 1970ల్లో). అందుకే ట్రిప్సిన్‌లో ఈడీటీఏ అనే రసాయనం కలుపుతారు, అది కాల్షియాన్ని లాగేసుకుంటుంది.

ఇక మీ సంగతి. ముందుగా సీసా చూడండి, ఈడీటీఏ లేని ట్రిప్సిన్ కూడా అమ్ముతారు. తర్వాత కాల్షియం, మెగ్నీషియం లేని పీబీఎస్‌తో (ఉప్పునీటి బఫర్‌తో) రెండుసార్లు కడగండి. మీడియా కొంచెం మిగిలినా అందులోని కాల్షియం క్యాడెరిన్లని కాపాడుతుంది, సీరమ్ ట్రిప్సిన్‌ని ఆపేస్తుంది. చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు, నేనూ బద్ధకించినవాణ్నే.

హెచ్ఈకే కణాలైతే, అంటే మనిషి కిడ్నీవి, ఫ్లాస్క్ మీద తడితే చాలు ఊడొస్తాయి, అది చూసి ఎండీసీకేని కూడా కొట్టకండి, కొడితే పొరలే వస్తాయి. 37 డిగ్రీల్లో పావుగంట పైనే పట్టొచ్చు. మైక్రోస్కోప్‌లో గుండ్రంగా ముడుచుకుని ఒకదానికొకటి ఎడం కనిపించాకే మీడియా పోయండి.