దుబాయ్ వెళ్తున్న అల్లుడికి

అల్లుడూ,

వీసా వచ్చిందని మా అక్క, అదే మీ అమ్మ, చెప్పింది, చాలా సంతోషం. ఏ యాప్ పెట్టుకుంటే ఇంటికి చవకగా మాట్లాడొచ్చని మొన్న అడిగావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాసి పంపుతున్నాను.

పెట్టుకోవడానికి ఈ యాప్‌లన్నీ ఉచితమే. వాట్సాప్ ఒకప్పుడు ఏడాదికి ఒక డాలర్ అడిగేది, 2016 జనవరిలో అదీ తీసేశారు. కాబట్టి యాప్ ధర చూసి ఎంచుకునేదేమీ లేదు. నీ డబ్బు పోయేది నెట్‌కి, ఆ పైన ఆ దేశం నెట్ కాల్స్ మీద పెట్టిన నిబంధనలకి. ఇది విమానం ఎక్కకముందే తెలుసుకోవాలి.

యూఏఈలో వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తాయి, ఫోటోలు వెళ్తాయి, వాయిస్ మెసేజ్‌లూ వెళ్తాయి. కాల్, వీడియో కాల్ మాత్రం అక్కడ ఆపేసి ఉంచారు. ఎప్పుడైనా ఒకసారి కలిసినా దాన్ని నమ్ముకోవద్దు. అక్కడి ప్రభుత్వం అనుమతించిన కాలింగ్ యాప్‌లు వేరే ఉన్నాయి. వాటిలో మనవాళ్ళు ఎక్కువగా వాడేది బోటిమ్. 2018లో దీనికోసం నెట్ కాలింగ్ ప్యాక్ తెచ్చినప్పుడు మొబైల్‌కి నెలకు 50 దిర్హాంలు పెట్టారు, మన లెక్కలో ఈ రోజు వెయ్యి రూపాయలు దాటుతుంది. ఈ ధరలు మారుతుంటాయి. దిగగానే సిమ్ కొనే చోట ఇవాళ్టి రేటు అడుగు, ప్యాక్ లేకుండా వైఫైలో కాల్ కలుస్తుందో లేదో కూడా అక్కడే అడుగు. అక్కడి ఫోన్ కంపెనీ ఎతిసలాత్ వాళ్ళ గోచాట్ యాప్ కూడా ఉంది. తక్కువలో పని జరిగేలా ఉంటే అదే తీసుకో.

గదిలో ఉండేవాళ్ళు వీపీఎన్ (నెట్‌లో నీ ఫోన్ అడ్రస్‌ని, అంటే ఐపీ అడ్రస్‌ని, మార్చి చూపించే యాప్) పెట్టుకుని వాట్సాప్ కాల్ చేసుకో, ఏం కాదులే అంటారు. వాళ్ళ మాట వినకు. ఐపీ అడ్రస్ మార్చి నేరం చేస్తే జైలు, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాంల దాకా జరిమానా అని అక్కడి సైబర్ చట్టంలో ఉంది. కాల్ ఖర్చు మిగులుతుందని అంత ప్రమాదం నెత్తిన పెట్టుకుంటావా? నీ జీతం మీద ఇక్కడ ఎందరు ఆధారపడి ఉన్నారో నీకు తెలుసు.

అందుకని రోజూ మాట్లాడటానికి వాయిస్ మెసేజ్ అలవాటు చేసుకో. మీ అమ్మకు టైప్ చేయడం ఇబ్బంది కదా, తనకూ అదే సుఖం. డ్యూటీ అయ్యాక నువ్వు పంపితే తను వీలున్నప్పుడు వింటుంది. వీడియో కాల్ సెలవు రోజుకు పెట్టుకో, అదీ వైఫైలోనే. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ఫోటోలు, వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా ఆపెయ్. మన ఊరి గ్రూపులో పొద్దున లేవగానే వచ్చే శుభోదయం వీడియోలే నీ డేటా సగం తినేస్తాయి.

జనాదరణ సంగతికొస్తే, ఇండియాలో వాట్సాప్ వాడేవాళ్ళు 50 కోట్ల దాకా ఉన్నారంటారు. నీకు ఆ లెక్కతో పనిలేదు. అమ్మ, చెల్లెలు, మేస్త్రీ, బ్యాంకులో తెలిసినాయన, వీళ్ళ ఫోన్లలో ఏది ఉందో అదే నీకు పెద్ద యాప్. సిగ్నల్ అనే యాప్ లాభాపేక్ష లేని సంస్థది, గోప్యత బాగా కాపాడుతుంది. జోహో వాళ్ళ అరట్టై 2025లో ఒక్కసారిగా అందరి నోటా వినిపించింది, మన దేశపు యాప్ అని నాకూ ఇష్టమే. కానీ నీకోసం అక్కను కొత్త యాప్ నేర్చుకోమనకు. హైక్ కూడా మన దేశంలో పుట్టిందే. 2012లో వచ్చి ఎంతో ఊపు మీద నడిచింది, 2021 జనవరిలో మూతపడింది.

టెలిగ్రామ్ వేరు. ఒక గ్రూపులో 2 లక్షల మంది ఉండొచ్చు, 2 జీబీ ఫైలు కూడా పంపొచ్చు. సినిమాలకి, పాఠాలకి బాగుంటుందని కుర్రాళ్ళంతా దాని మీదే ఉంటారు. గల్ఫ్ ఉద్యోగాలంటూ డబ్బులు గుంజే ఛానళ్ళు కూడా అందులోనే దొరుకుతాయి. ఎవరైనా ఏజెంట్‌నని మెసేజ్ పెడితే మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో అతని పేరు ఉందో లేదో చూడు. పాస్‌పోర్ట్, వీసా ఫోటోలు ఏ గ్రూపులోనూ పెట్టకు.

ఇక్కడి సిమ్ మాత్రం వదలొద్దు. 90 రోజులు అసలు వాడకపోతే కంపెనీ ఆ నంబరు ఆపేయొచ్చు, తర్వాత అది ఇంకొకరికి వెళ్ళిపోతుంది. బ్యాంకు ఓటీపీలు, వాట్సాప్ రెండూ ఆ నంబరు మీదే ఉన్నాయి. వెళ్ళేముందే రోమింగ్ ఆన్ చేయించు, రీఛార్జ్ తేదీ చెల్లెలికి రాసిచ్చి వెళ్ళు. వాట్సాప్‌కి రెండంచెల పిన్ కూడా పెట్టుకో. గల్ఫ్‌లో కొడుకు ఉన్నాడంటే చాలు, నీ ఫోటో పెట్టుకుని ఆపదలో ఉన్నానని డబ్బులు అడిగే దొంగలు తయారవుతారు. నీ గొంతు వినకుండా ఎవరికీ రూపాయి పంపొద్దని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పు.

ఈ ఆదివారమే అక్క ఫోన్‌లో బోటిమ్ వేసి, కాల్ ఎత్తడం, కెమెరా తిప్పడం దగ్గర కూర్చుని నేర్పించు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. నీకు రాత్రి తొమ్మిదైతే ఇక్కడ పదిన్నర, అక్క అప్పటికే పడుకుంటుంది. సెలవు ఏ రోజో తెలిశాక పగటి పూట ఒక సమయం అనుకుని నాకు చెప్పు, ఆ వేళకు నేను ఇంటికి వెళ్ళి ఫోన్ కలిపిస్తాను.

మీ మామయ్య